మందు సగం, కదలిక సగం



ప్రతి ఏటా ఈ సంచికలో వైద్య సహాయం పద్దు చదువుతూ ఉంటాం. గుండె ఆపరేషన్లు, డయాలసిస్, కాన్పులు, కంటి ఆపరేషన్లు, మందుల బిల్లులు. ఒక్కో వరుసకూ ఎదురుగా ఒక్కో మొత్తం. ఆ పద్దులో ఎన్నడూ కనిపించని మాట ఒకటుంది: ఫిజియోథెరపీ. "కాలూ చెయ్యీ ఆడించుకోవడానికి డబ్బెందుకు?" అని మనలో చాలామంది అనుకుంటాం. మేమూ అలాగే అనుకున్నాం. ఆ ఆలోచన వల్ల ఒక మనిషికి జరిగిన నష్టాన్ని కళ్లారా చూశాక, ఈ ఏడాది ఆ ఒక్క మాట గురించే రాయాలనిపించింది.

తల ఎత్తని కుర్రాడు

మా బడిలో పదో తరగతి చదివిన ఒక అబ్బాయి ఉండేవాడు. చదువులో వెనుకబడినవాడు కాదు, అల్లరివాడూ కాదు. కానీ మొదటి పీరియడ్‌కు తరచూ ఆలస్యం. చలికాలంలో అయితే రోజూ ఆలస్యమే. డ్రిల్లు పీరియడ్‌లో మడమ నొప్పి అని పక్కన కూర్చునేవాడు. మధ్యాహ్నానికి మాత్రం మామూలుగా తిరిగేవాడు. అందుకే పొద్దుటి నొప్పి వట్టి సాకు అని మేము నమ్మాం. "పదహారేళ్లకే ముసలివాడిలా నడుము పట్టుకుంటావేంరా?" అని తరగతి ముందు అన్నాం కూడా. పిల్లలు నవ్వారు. వాళ్లతోపాటు వాడూ నవ్వాడు.

పన్నెండేళ్ల తర్వాత ఒక జుమా రోజున మసీదు మెట్ల దగ్గర కనిపించాడు. మేమే సలాం చేశాం. నేల చూపులు చూస్తూ ముందుకు వెళ్లిపోయాడు. పాత కోపం ఇంకా పోలేదేమో అనుకున్నాం. రెండడుగులు వేశాక ఆగి, ఒళ్లంతా మా వైపు తిప్పి, "వ అలైకుమ్ అస్సలాం సార్, గొంతును బట్టి గుర్తుపట్టాను" అన్నాడు. అతని మెడ తిరగదు. తల పైకి లేవదు. ఎదురుగా నిలబడ్డ మనిషి చొక్కా గుండీల వరకే అతనికి కనిపిస్తుంది. అప్పటికి అతని వయసు 28.

ఆ పన్నెండేళ్లలో జరిగింది అతని నోటే విన్నాం. ఇంటర్‌తో చదువు ఆగిపోయింది. టైలరింగ్ నేర్చుకున్నాడు. నడుము నొప్పికి మెడికల్ షాపులో అడిగి మాత్రలు మింగాడు. ఊరి ఆర్‌ఎంపీ దగ్గర సూదులు వేయించుకున్నాడు. ఒకరు డిస్కు జారిందన్నారు, ఒకరు నడుముకు బెల్టు పెట్టుకోమన్నారు, మరొకరు నెల రోజులు మంచం దిగవద్దన్నారు. పడుకున్నకొద్దీ నొప్పి పెరిగింది. ఏడేళ్ల తర్వాత గానీ జబ్బు పేరు తెలియలేదు: యాంకైలోజింగ్ స్పాండిలైటిస్.

అప్పుడు అతను మన సంఘానికి అర్జీ పెట్టుకున్నాడు. ఆ చీటీ మీద డాక్టరు రెండు వరుసలు రాశారు. మొదటి వరుసలో ఇంజెక్షన్, రెండో వరుసలో ఫిజియోథెరపీ. మొదటి వరుసకు మనం డబ్బు మంజూరు చేశాం. రెండో వరుసను ఎవరూ చదవలేదు. ఆ కమిటీలో మేమూ ఉన్నాం. మందుతో నొప్పి తగ్గింది. కానీ పట్నంలో ఫిజియోథెరపీకి వారానికి రెండుసార్లు వెళ్లాలంటే బస్సు ఛార్జీ, ఫీజు, పోయే కూలి అన్నీ కలిపి అతని చేతికి అందలేదు. నొప్పి తగ్గింది కదా అని మిషన్ మీద మరో రెండు గంటలు ఎక్కువగా వంగి కుట్టాడు. వెన్ను వంగినట్టే ఉండిపోయింది.

ఏమిటీ జబ్బు?

కీళ్ల నొప్పులన్నీ ఒకటి కావు. వయసు మీద పడ్డాక మోకీళ్లలో వచ్చేది ఎక్కువగా అరుగుదల. పని చేస్తే పెరుగుతుంది, కూర్చుంటే తగ్గుతుంది. ఇది వేరు. శరీరానికి కాపలా కాయవలసిన రోగనిరోధక శక్తి దారి తప్పి సొంత కీళ్ల మీదే దాడి చేయడం వల్ల వచ్చే వాపు ఇది. అందుకే దీన్ని వాపుతో కూడిన వాతం అంటారు. రుమటాయిడ్ ఆర్థరైటిస్, సోరియాసిస్‌తో వచ్చే కీళ్లవాతం, యాంకైలోజింగ్ స్పాండిలైటిస్ ఈ కోవకే చెందుతాయి.

యాంకైలోజింగ్ స్పాండిలైటిస్ సాధారణంగా నడుము కింది భాగంలో, వెన్నెముక తుంటి ఎముకలతో కలిసే చోట ఉండే రెండు కీళ్లలో మొదలవుతుంది. కండరాల పట్టీలు ఎముకకు అతుక్కునే చోట్ల కూడా వాపు వస్తుంది. మడమ నొప్పికి కారణం అదే. వాపు మానే క్రమంలో అక్కడ కొత్త ఎముక పెరుగుతుంది. కొందరిలో ఏళ్లు గడిచేకొద్దీ వెన్నుపూసలు ఒకదానితో ఒకటి అతుక్కుపోతాయి. ముదిరిన దశలో ఎక్స్‌రేలో వెన్ను వెదురుబొంగులా కనిపిస్తుంది. ఈ జబ్బు ఉన్న అందరికీ అంతదూరం రాదు. ఎవరికి వస్తుందో మాత్రం ముందుగా చెప్పడం కష్టం.

ఇది ఎక్కువగా పదిహేను, ముప్పై ఏళ్ల మధ్య మొదలవుతుంది. 45 దాటాక కొత్తగా రావడం అరుదు. చదువుకునే వయసు, పని నేర్చుకునే వయసు, పెళ్లి కుదిరే వయసు అదే. హెచ్‌ఎల్‌ఏ-బి27 అనే జన్యు గుర్తుకూ ఈ జబ్బుకూ ఉన్న సంబంధాన్ని 1973లో లండన్, లాస్ ఏంజిలిస్ నగరాల వైద్య బృందాలు వేర్వేరుగా కనుగొన్నాయి. ఆ గుర్తు ఉన్నవారిలో ఎక్కువమందికి ఈ జబ్బు రానే రాదు. కాబట్టి ఆ ఒక్క రక్తపరీక్షతో భయపడనక్కరలేదు. అలాగని నిర్లక్ష్యం చేయడమూ తగదు, ఎందుకంటే కుటుంబంలో ఒకరికి ఉంటే అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు, పిల్లలకు వచ్చే అవకాశం మామూలు కన్నా ఎక్కువ. ఇది అంటువ్యాధి కాదు. దిష్టి కాదు, చేతబడి కాదు, ఎవరి పాపఫలమూ కాదు.

గుర్తుపట్టడం ఎలా?

మా విద్యార్థి లక్షణాలన్నీ బడిలోనే మా కళ్ల ముందు ఉన్నాయి. మాకు తెలియలేదంతే. మీ ఇంట్లో, మీ దుకాణంలో, మీ మదర్సాలో ఇలాంటి యువకుడో యువతో ఉంటే గమనించండి:

1. నడుము నొప్పి దెబ్బ తగలకుండానే మెల్లగా మొదలై మూడు నెలలు దాటినా పోకపోవడం.
2. పొద్దున్నే ఒళ్లు కొయ్యబారినట్టుండి, సాగదీసుకోవడానికి అరగంటకు మించి పట్టడం.
3. విశ్రాంతితో తగ్గకపోవడం, తిరిగితే, వ్యాయామం చేస్తే తగ్గడం.
4. తెల్లవారుజామున నొప్పితో మెలకువ రావడం, లేచి నాలుగడుగులు వేస్తే గానీ మళ్లీ నిద్ర పట్టకపోవడం.
5. పిరుదుల్లో ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు నొప్పి మారుతూ ఉండడం.
6. మడమ నొప్పి, ఒక మోకాలో చీలమండో వాయడం.
7. ఒక కన్ను ఎర్రబడి, నొప్పి పుట్టి, వెలుతురు చూడలేకపోవడం. ఇది కంటి లోపలి వాపు. కండ్లకలక అని సొంతంగా చుక్కలు వేసుకోకుండా అదే రోజు కంటి డాక్టరుకు చూపించాలి.

వీటిలో కొన్ని కలిసి ఉంటే రుమటాలజిస్టును, అంటే కీళ్లవాతం డాక్టరును కలవాలి. మొదటి సంవత్సరాల్లో ఎక్స్‌రే మామూలుగానే కనిపించవచ్చు, ఎంఆర్‌ఐలో వాపు ముందే తెలుస్తుంది. రక్తంలో ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ మామూలుగా ఉన్నంత మాత్రాన జబ్బు లేదని కాదు. హైదరాబాదు నిమ్స్‌లో ఇందుకు ప్రత్యేక విభాగం ఉంది. ఇవాళ మనం నిమ్స్ అని పిలిచే ఆ ఆసుపత్రి 1964లో నిజాం ఛారిటబుల్ ట్రస్టు సాయంతో ఎముకల ఆసుపత్రిగా మొదలైందని దాతలు గుర్తుంచుకోదగ్గ విషయం. ఒక దానం అరవై ఏళ్లుగా మనుషులను నిలబెడుతూనే ఉంది.

కదలిక మందు ఎలా అవుతుంది?

ఒకప్పుడు వైద్యులు కూడా ఈ రోగులను మంచం మీద పడుకోబెట్టేవారు. నొప్పి తగ్గడానికి వెన్నుకు ఎక్స్‌రే కిరణాలు పెట్టేవారు. అలా కిరణాలు పెట్టించుకున్నవారిలో రక్త క్యాన్సర్ ఎక్కువగా వస్తోందని 1957లో బ్రిటన్‌లో బయటపడింది. ఆ పద్ధతి క్రమంగా మూలనపడింది. మంచం పట్టినవారి వెన్ను త్వరగా బిగుసుకుంటోందని కూడా అనుభవం మీద తెలిసింది. అప్పటి నుంచి కదలిక చికిత్సలో భాగమైంది.

వాపు ఉన్న కీలు కదలకుండా ఉంటే చుట్టూ ఉన్న కండరం పొట్టిదవుతుంది, బలహీనపడుతుంది. నొప్పి తగ్గుతుందని మనిషి ముందుకు వంగుతాడు, మోకాళ్లు ముడుచుకుని పడుకుంటాడు. ఆ వంపే అలవాటై, ఎముక అతుక్కుంటే ఆ వంపులోనే అతుక్కుంటుంది. పక్కటెముకలు వెన్నుతో కలిసే కీళ్లు కూడా బిగుసుకుంటే ఛాతీ విప్పారదు, మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. వాపు వల్లా, కదలిక లేకపోవడం వల్లా ఎముక గుల్లబారుతుంది.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. అతుక్కుపోయిన ఎముకను ఫిజియోథెరపీ విడదీయలేదు. అలాంటి హామీ ఇచ్చేవారిని నమ్మకండి. బిగుసుకుంటున్న వెన్ను వంగకుండా నిటారుగా ఉండేలా చూడడం, ఇంకా మిగిలి ఉన్న కదలికను కాపాడడం, ఊపిరికి చోటు ఉంచడం, కండరానికి బలం ఇవ్వడం దాని పని. అందుకే ఇది ఎంత త్వరగా మొదలైతే అంత మేలు.

2008లో కాక్రేన్ అనే వైద్య సమీక్షా సంస్థ ఈ జబ్బుకు ఫిజియోథెరపీ మీద జరిగిన 11 పరిశోధనలను కలిపి పరిశీలించింది. ఏమీ చేయనివారి కన్నా ఇంట్లో వ్యాయామం చేసినవారు మెరుగ్గా ఉన్నారు. ఒంటరిగా ఇంట్లో చేసినవారి కన్నా, ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో నలుగురితో కలిసి చేసినవారు ఇంకొంచెం మెరుగ్గా ఉన్నారు. తేడా మరీ పెద్దది కాదు, కానీ ఉంది. నలుగురితో కలిసి చేస్తే మేలు అన్న ఆ ఫలితాన్ని గుర్తుంచుకోండి. మన సంఘం చేయగల పని అందులోనే ఉంది.

మందు అక్కర్లేదని దీని అర్థం కాదు. వాపును తగ్గించే మాత్రలు, అవి చాలనివారికి బయోలాజిక్ ఇంజెక్షన్లు డాక్టరు చెప్పినట్టు వాడాలి. ఆ ఇంజెక్షన్లు మొదలుపెట్టే ముందు క్షయ పరీక్ష తప్పనిసరి. మందు వాపును తగ్గిస్తే కదలడానికి వీలవుతుంది. కదిలితేనే ఆ మందుకు పెట్టిన ఖర్చు ఫలిస్తుంది.

ఫిజియోథెరపిస్టు ఏం చేస్తారు?

మాలిష్ చేసేవారూ, కరెంటు పెట్టెతో వేడి పెట్టేవారూ అనుకుంటాం. వేడి కాసేపు ఉపశమనం ఇస్తుంది, నిజమే. కానీ ఏళ్ల తరబడి సాగే బీపీటీ చదువు అందుకోసం కాదు. వారి మొదటి పని కొలవడం. మేము పిల్లలకు యూనిట్ టెస్టులు పెట్టినట్టే వారు కీళ్లకు పరీక్ష పెడతారు. కావలసింది ఒక టేపు, ఒక గోడ.

రోగిని మడమలు, పిరుదులు గోడకు ఆనించి నిలబెట్టి, తల వెనుక భాగానికీ గోడకూ మధ్య దూరం కొలుస్తారు. ఆరోగ్యవంతుడి తల గోడకు తగులుతుంది. నడుము మీద పది సెంటీమీటర్ల ఎడంతో రెండు గుర్తులు పెట్టి వంగమంటారు. యువకుడి నడుము బాగుంటే ఆ ఎడం పదిహేను దాకా సాగుతుంది. ఊపిరి పూర్తిగా వదిలినప్పుడు, పూర్తిగా పీల్చినప్పుడు ఛాతీ చుట్టుకొలత తీస్తారు. తేడా రెండున్నర సెంటీమీటర్ల కన్నా తక్కువైతే పక్కటెముకలు బిగుసుకున్నట్టు. ఈ అంకెలు రాసుకుని, ఎవరికి ఏ వ్యాయామం, ఎన్నిసార్లు అన్నది నిర్ణయిస్తారు. మూడు నెలలకో ఆరు నెలలకో మళ్లీ కొలుస్తారు. ఇంగ్లండులోని బాత్ పట్టణపు వైద్యులు 1994లో ఇలాంటి కొలతలను ఒక పద్ధతిగా కూర్చారు. ఇప్పుడు ప్రపంచమంతా వాటినే వాడుతున్నారు.

రోజూ చేసుకోవలసినవి

కింది వ్యాయామాలు సాధారణంగా నేర్పేవి. మొదటిసారి ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకున్నాకే ఇంట్లో చేయాలి.

1. బోర్లా పడుకోవడం: పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి, పది నుంచి ఇరవై నిమిషాలు. తుంటి కీళ్లు ముందుకు ముడుచుకుపోకుండా ఇది కాపాడుతుంది. చేయలేనివారికి పొట్ట కింద చిన్న దిండు పెడతారు.
2. గోడ వ్యాయామం: మడమలు, పిరుదులు, భుజాలు, తల గోడకు ఆనించే ప్రయత్నం చేస్తూ, గడ్డం పైకెత్తకుండా లోపలికి లాగి కొద్ది క్షణాలు నిలబడడం.
3. పిల్లి ఒళ్లు విరుచుకున్నట్టు: చేతులు, మోకాళ్ల మీద ఆని వీపును పైకి గుండ్రంగా లేపడం, తర్వాత కిందికి దించడం.
4. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుమును పైకి లేపడం. పిరుదులకు, వీపుకు బలం వస్తుంది.
5. మెడను నెమ్మదిగా కుడికి, ఎడమకు తిప్పడం, చెవిని భుజం వైపు వంచడం. గుండ్రంగా తిప్పకూడదు.
6. పక్కటెముకల మీద అరచేతులు పెట్టుకుని, ఆ చేతులు ఎడమయ్యేలా ముక్కుతో నిండుగా గాలి పీల్చి, నోటితో వదలడం.
7. నడక. పెద్దవారికి వారానికి 150 నిమిషాల చురుకైన నడక మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కీళ్లవాతం ఉన్నవారికీ అదే గమ్యం, చేరే వేగం మాత్రం నెమ్మది. ఈత వీలైతే మరీ మంచిది.

పొద్దున్నే గోరువెచ్చని నీటితో స్నానం చేసి మొదలుపెడితే ఒళ్లు త్వరగా సాగుతుంది. తల కింద ఎత్తు దిండు వద్దు, పలచనిది చాలు. కుంగిపోయే పరుపు వద్దు. కూర్చుని పనిచేసే టైలర్లు, జరీ పనివారు, కంప్యూటర్ ఉద్యోగులు అరగంటకోసారి లేచి ఒళ్లు వెనక్కి విరవాలి. వ్యాయామం చేశాక పెరిగిన నొప్పి రెండు గంటలకు మించి ఉంటే మర్నాడు కాస్త తగ్గించి చేయాలి, మానేయకూడదు. బీడీ, సిగరెట్ మానకపోతే ఈ శ్రమలో కొంత వృథా. పొగ ఈ జబ్బును ముదరబెడుతుంది.

మన ఆడవాళ్ల చేతులు

వెన్ను గురించే ఇంతసేపు చెప్పాం. రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఎక్కువగా చేతివేళ్లు, మణికట్లు, పాదాల చిన్న కీళ్లను పట్టుకుంటుంది. మగవారి కన్నా ఆడవారిలో రెండు మూడు రెట్లు ఎక్కువ. నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల్లో బీడీలు చుట్టి ఇల్లు నడిపే తల్లులున్నారు. పొద్దున్నే వేళ్లు ముడవలేకపోతే వారికి ఆ రోజు కూలి లేదు.

వీరికి ఫిజియోథెరపిస్టు వేళ్లకు, మణికట్టుకు సాగతీసే వ్యాయామాలు, మెత్తని బంతి పిండడం లాంటి బలం పెంచే వ్యాయామాలు నేర్పుతారు. వాపు బాగా ఉన్న రోజుల్లో కీలుకు పట్టీ వేసి విశ్రాంతి ఇస్తారు, తగ్గాక మళ్లీ కదిలిస్తారు. పని చేసే తీరు మార్చడం కూడా చికిత్సే. గిన్నెను వేళ్లతో చెవి పట్టి ఎత్తకుండా రెండు అరచేతులతో ఎత్తడం, గరిటె పిడికి గుడ్డ చుట్టి లావు చేయడం, తడి బట్టను పిండకుండా కొక్కేనికి వేలాడదీయడం, సంచిని వేళ్లకు కాకుండా భుజానికి తగిలించుకోవడం. పైసా ఖర్చు లేని మార్పులివి, కానీ ఎవరో ఒకరు చెప్పాలి.

యాంకైలోజింగ్ స్పాండిలైటిస్ మగవారి జబ్బు అనే అపోహ కూడా ఆడవారికి చేటు చేస్తోంది. మగవారిలో ఎక్కువగా గుర్తిస్తారు గానీ ఆడవారికీ వస్తుంది. కాన్పు నడుము నొప్పి అని కొట్టిపారేయడం వల్ల వారిలో గుర్తింపు మరింత ఆలస్యమవుతుంది.

నమాజు, రోజా

మా విద్యార్థికి మొదట తెలిసిన లక్షణం నమాజులోనేనట. సలాం తిప్పేటప్పుడు పక్కవాడి భుజం కనిపించడం లేదని గమనించాడు. తర్వాత ఫజర్‌లో సజ్దా నుంచి లేవడం కష్టమైంది. కుర్చీలో కూర్చుంటే, "ఈ వయసులో కుర్చీయా?" అని పెద్దలు అన్నారు. దాంతో జమాఅత్‌కు రావడమే తగ్గించాడు. బడిలో మేము అన్న మాటనే మసీదులో మరొకరు అన్నారు, అంతే తేడా.

నిలబడలేనివారు కూర్చుని, కూర్చోలేనివారు పడుకుని నమాజు చేసుకునే వెసులుబాటు మన ధర్మం ఇచ్చింది. దాన్ని వాడుకునేవారిని చూసి నొసలు చిట్లించే హక్కు మనకు లేదు. చేయగలిగినవారికి రుకూ, సజ్దా, మెడ తిప్పడం కీళ్లకు కొంత కదలిక ఇస్తాయి. అయితే నమాజు ఇబాదత్, ఫిజియోథెరపీకి బదులు కాదు. ఈ జబ్బు మనిషిని ముందుకు వంచుతుంది, కాబట్టి వెనక్కి విరిచే వ్యాయామాలు విడిగా చేయవలసిందే. రంజాన్‌లో నొప్పి మాత్రలు ఖాళీ కడుపున వేసుకోకుండా, సహరీ, ఇఫ్తార్ వేళలకు ఎలా సర్దుకోవాలో ముందే డాక్టరును అడగాలి. రోజా ఉండలేని జబ్బుమనిషికి మినహాయింపు ఉంది. వ్యాయామానికి ఇఫ్తార్ తర్వాత వేళ బాగుంటుంది.

చేయకూడనివి

వెన్నును విరిచి, మెడను పటుక్కున తిప్పి సరిచేస్తామనేవారి దగ్గరికి ఈ రోగులను తీసుకెళ్లకండి. గుల్లబారి బిగిసిన వెన్ను విరిగే ప్రమాదం ఉంది. కింద పడ్డాక మెడలోనో వీపులోనో కొత్తగా తీవ్రమైన నొప్పి వస్తే, చిన్న దెబ్బే అయినా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. ఏమిటో తెలియని సూదులు, పొట్లాల మందులు వద్దు. వాటిలో స్టెరాయిడ్ ఉంటే రెండు రోజులు హాయిగా ఉంటుంది, తర్వాత ఎముకను ఇంకా గుల్ల చేస్తుంది. నొప్పి మాత్రలు కూడా ఏళ్ల తరబడి అడిగేవారు లేకుండా మింగితే కడుపునూ కిడ్నీలనూ దెబ్బతీస్తాయి.

దాతలు ఏం చేయవచ్చు?

ఆపరేషన్‌కు ఇచ్చిన డబ్బు కనిపిస్తుంది. ఒక రోజు, ఒక బిల్లు, ఒక ఫోటో. ఫిజియోథెరపీకి ఇచ్చేది నెల నెలా కొద్దికొద్దిగా ఇవ్వవలసిన డబ్బు. అందుకే దాతను వెతకడం కష్టం. కమిటీ ముందు మేము పెట్టిన ప్రతిపాదనలు ఇవి:

మొదటిది, ప్రతి వైద్య అర్జీలో డాక్టరు రాసిన అన్ని వరుసలూ చదవాలి. మందు మంజూరైన చోట ఫిజియోథెరపీ ఫీజు, బస్సు ఛార్జీ కూడా కలిపి మంజూరు చేయాలి. అర్హుడైన పేద రోగి చేతికే ఈ సొమ్ము అందుతుంది గనుక జకాత్ నుంచి ఇవ్వవచ్చని మా అవగాహన.

రెండోది, మదర్సా హాలులో వారానికి రెండు పూటలు సామూహిక వ్యాయామం. మగవారికి మగ్రిబ్ తర్వాత, ఆడవారికి ఆదివారం జుహర్ తర్వాత. చాపలు, టేపు, వేళ్లకు వేడి మైనం పెట్టే పరికరం, వచ్చే ఫిజియోథెరపిస్టుకు గౌరవ వేతనం. సామాన్లకు, వేతనానికి జకాత్ సొమ్ము వాడకూడదని హనఫీ ఉలమా అంటారు, ఎందుకంటే జకాత్ పేదవాడి సొంతం కావాలి. కాబట్టి దీనికి సదఖా, లిల్లాహ్ సొమ్ము కావాలి. ఎవరైనా తమ తల్లిదండ్రుల పేరిట సదఖ-ఎ-జారియాగా ఒక పరికరం ఇవ్వవచ్చు.

మూడోది, ఆడవారికి ఆడ ఫిజియోథెరపిస్టే ఉండాలి. లేకపోతే మన ఆడవాళ్లు రారు, రాకపోతే ఇదంతా సగం పనే. బీపీటీ చదువుకోవాలనుకునే పేద అమ్మాయికి ఈ ఏడాది స్కాలర్‌షిప్పుల్లో ఒకటి కేటాయిస్తే, నాలుగైదేళ్లలో ఆ కొరత మన ఊళ్లోనే తీరుతుంది.

నాలుగోది, డబ్బు అవసరం లేనిది. ఉపాధ్యాయులు, ఇమాములు, దుకాణ యజమానులు పైన రాసిన ఏడు లక్షణాలు చదివి గుర్తుంచుకోవాలి. పొద్దున నడవలేక మధ్యాహ్నం తిరిగే కుర్రాడిని సోమరి అనే ముందు ఒక్కసారి అడగాలి.

చివరిగా

మా విద్యార్థి ఇంటికి వెళ్లినప్పుడు అతని చెల్లెలు కాఫీ తెచ్చి, గ్లాసులు కింద పెట్టి, గోడ పట్టుకుని లేచింది. వయసు 23, చంకలో బిడ్డ. "ఎన్నాళ్లుగా అమ్మా?" అని అడిగితే, "కాన్పు నొప్పే సార్, పొద్దున్నే ఉంటుంది, పని చేస్తుంటే పోతుంది" అంది. అన్న మా వైపు ఒళ్లు తిప్పి నిలబడ్డాడు. ఈసారి ఏడేళ్లు పట్టలేదు. రెండు నెలల్లో జబ్బు పేరు తెలిసింది. మందుతోపాటే వ్యాయామం మొదలైంది. ఆమె తల ఇప్పటికీ గోడకు ఆనుతుంది. దాన్ని అలాగే ఉంచడానికి ఆమె రోజూ అరగంట కష్టపడుతోంది.

అన్నకు కూడా ఆలస్యంగానైనా ఒక దాత సాయంతో వ్యాయామం మొదలుపెట్టించాం. మొదటి రోజు తలకూ గోడకూ మధ్య దూరం 14 సెంటీమీటర్లు. ఎనిమిది నెలల తర్వాత 12. అంతకన్నా పెద్దగా తగ్గకపోవచ్చని ఫిజియోథెరపిస్టు ముందే చెప్పారు. మెట్లెక్కితే ఆయాసం తగ్గిందని, రాత్రి నిద్ర పడుతోందని అతను అంటున్నాడు. మిషన్‌కు ఎత్తు బల్ల వేసుకున్నాడు. జమాఅత్‌కు మళ్లీ వస్తున్నాడు. అతని కుర్చీ గురించి ఇప్పుడు ఎవరూ ఏమీ అనరు.

ఆనాడే ఆ చీటీలోని రెండో వరుస చదివి ఉంటే అతను ఇవాళ మన కళ్లలోకి చూసి సలాం చేసేవాడేమో. ఆ లెక్క అల్లాహ్ ముందు మాదే. ఇక ముందు వచ్చే చీటీలు మాత్రం మనందరివి. మీ సంపాదనలో, సంతానంలో, ఆరోగ్యంలో అల్లాహ్ బర్కత్ ప్రసాదించుగాక. జబ్బుతో ఉన్నవారికి షిఫా ప్రసాదించుగాక. ఆమీన్.